మా టీచరమ్మ గారి జీవితాన్ని పుస్తకంగా రాయాలనుకుంటున్నాం: ఏమి సేకరించాలి, ఏమి వదిలేయాలి?

ప్రశ్న
అడిగినవారు: కోటవీధి పాత విద్యార్థి

నమస్కారం. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఒక మున్సిపల్ ప్రాథమిక పాఠశాలలో మాకు అక్షరాలు నేర్పిన టీచరమ్మ గారు కిందటేడు కాలం చేశారు. సంవత్సరీకం నాటికి ఆమె జీవితాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించి, ఆమె దగ్గర చదువుకున్నవారికీ, ఆ చుట్టుపక్కల పేటల పిల్లలకూ పంచాలని మేము కొందరం నిర్ణయించుకున్నాం. రాసే బాధ్యత నాకు అప్పగించారు. కుటుంబ సభ్యుల కోరిక మేరకు ఆమె పేరునూ, పాఠశాల పేరునూ ఇక్కడ ప్రస్తావించడం లేదు.

ఇప్పటివరకు మాకు తెలిసింది ఇంతే. ఆమె 1940ల మధ్యలో శృంగవరపుకోట దగ్గరి ఒక గ్రామంలో పుట్టారు. భీమునిపట్నంలో ఉపాధ్యాయ శిక్షణ పొందారు. మొదట ఒక పంచాయతీ సమితి పాఠశాలలో అయిదు తరగతులకూ ఒక్కరే టీచరుగా కొన్నేళ్లు పనిచేసి, 1970లలో విశాఖ మున్సిపల్ పాఠశాలకు వచ్చి, పదవీ విరమణ దాకా వన్‌టౌన్ విడిచి వెళ్లలేదు. 1983లో ఉన్నట్టుండి ప్రధానోపాధ్యాయురాలి బాధ్యత ఆమె మీద పడిందని ఇంట్లోవారు చెబుతున్నారు గానీ, అలా ఎందుకు జరిగిందో వారికి గుర్తు లేదు. విరమణ తరువాత కూడా ఓపిక ఉన్నంతకాలం సాయంత్రం పూట ఇంటి వసారాలో పిల్లలను కూర్చోబెట్టుకున్నారు.

ఇక నా ఇబ్బంది చెబుతాను. పాత విద్యార్థులను తలా ఒక పేజీ రాసి పంపమని అడిగితే, అందరూ అభిమానంతో పంపారు. అయితే దాదాపు అన్నింటిలోనూ ‘ఆదర్శమూర్తి’, ‘త్యాగశీలి’, ‘జ్ఞానజ్యోతి వెలిగించిన మహోన్నత వ్యక్తి’ అనే మాటలే ఉన్నాయి. ఆమె పేరు కొట్టేసి మరో టీచరు పేరు రాసినా ఒక్క వాక్యం కూడా మార్చనక్కరలేదు. అటువంటి పుస్తకం అచ్చు వేయించడం కన్నా ఊరుకోవడమే నయమని నాకు అనిపిస్తోంది. ఆమె ఇంట్లో ఒక రేకు పెట్టెలో ఆమె చేతిరాతతో ఉన్న పొడుగు లెక్కల పుస్తకాలు కూడా దొరికాయి. వాటిలో పిల్లల పేర్లు, పక్కన గళ్లు, గళ్లలో ‘రాదు’, ‘వచ్చింది’, ‘పోయింది’ అని పొట్టి మాటలు ఉన్నాయి. ఏమిటో అర్థం కాలేదు.

తేదీలూ, ఉద్యోగ వివరాలూ ఎక్కడ సరిచూసుకోవాలి? పాత విద్యార్థులను ఏమని అడిగితే పనికొచ్చే సమాధానం వస్తుంది? ఆమె తొలినాళ్లలో పిల్లలను బెత్తంతో కొట్టేవారన్నది నిజం, అది రాయవచ్చునా? కొందరి పైచదువుకు ఆమె తన జీతంలోంచి డబ్బు కట్టారన్నదీ నిజం, అది రాయవచ్చునా? ఇటువంటి పని చేసిన అనుభవం ఉన్నవారు, లేదా ఆమెను ఎరిగినవారు సలహా ఇవ్వగలరు.

సమాధానం 1
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, భీమునిపట్నం

నమస్కారమండీ. ముందుగా మీ 1983 చిక్కు సంగతి చూద్దాం. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించింది. 55 దాటినవారు ఎంతోమంది ఆ నెలాఖరుకే ఇంటిదారి పట్టవలసి వచ్చింది. 1984లో మళ్లీ 58 చేశారనుకోండి, కానీ ఆలోగా ఎన్నో పాఠశాలల్లో సీనియర్లు ఒక్కసారిగా వెళ్లిపోయి, నలభై ఏళ్లు కూడా నిండని టీచర్ల చేతికి తాళంచెవులు వచ్చాయి. మీ టీచరమ్మ గారి విషయంలోనూ ఇదే జరిగి ఉండవచ్చు. అయితే ఊహను ఊహగానే ఉంచి, ఆమె సర్వీసు రిజిస్టరు చూసిన తరువాతే పుస్తకంలోకి ఎక్కించండి. పాఠశాలలో పాత చార్జి లిస్టు దొరికితే ఇంకా మంచిది. బాధ్యత అప్పగించిన రోజున బీరువాలు ఎన్ని, కుర్చీలు ఎన్ని, పటాలు ఎన్ని అని రాసి ఇద్దరూ సంతకాలు చేసిన కాగితం అది. పాఠశాల ఆ రోజున ఎలా ఉండేదో దానికి మించి చెప్పగలిగినది మరొకటి లేదు.

ఇదే కారణంగా మరొక హెచ్చరిక. పుట్టిన సంవత్సరానికి 58 కలిపి విరమణ సంవత్సరం రాసేయడం చాలామందికి అలవాటు. ఈవిడ విషయంలో అది సరిపోతుంది గానీ, పుస్తకంలో ఆమె సహోద్యోగుల ప్రస్తావన వచ్చినప్పుడు జాగ్రత్త పడాలి. తరువాత 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది కాబట్టి ఒక్కొక్క తరానికి ఒక్కొక్క లెక్క ఉంటుంది. పెన్షను మంజూరు పత్రంలో ఉన్న తేదీనే తీసుకోండి; అది కుటుంబం దగ్గర తప్పకుండా ఉంటుంది.

రెండో సంగతి, ఆమె సమితి పాఠశాల నుంచి మున్సిపల్ పాఠశాలకు ‘బదిలీ అయ్యారు’ అని రాయకండి. ఆ రెండూ వేర్వేరు యాజమాన్యాలు. ఒకదాని నుంచి మరొకదానికి రావడం మామూలు బదిలీ కాదు. కొత్త నియామకమో, ప్రత్యేక ఉత్తర్వో ఉండి ఉండాలి. కొత్త నియామకమైతే పాత సర్వీసును కలిపారా లేదా అన్నది కూడా ఆమె జీవితంలో చిన్న విషయం కాదు, ఎందుకంటే ఆ రోజుల్లో ఒక ఆడమనిషి చేతిలో ఉన్న ఉద్యోగాన్ని వదులుకుని పట్నం వచ్చిందంటే దాని వెనుక తప్పకుండా ఒక కథ ఉంటుంది. ఆ కథ ఎవరినైనా అడగండి.

జిల్లా పేర్లలో కూడా పొరపాట్లు దొర్లుతాయి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడే వరకు శృంగవరపుకోట విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. కాబట్టి ఆమె పుట్టుకనూ, మొదటి ఉద్యోగాన్నీ ‘అప్పటి విశాఖపట్నం జిల్లా’ అని రాయడం సబబు. విశాఖ మున్సిపాలిటీ కూడా అదే ఏడాది నగరపాలక సంస్థ అయింది. పాత విద్యార్థుల్లో ఒకరు ‘మున్సిపల్ స్కూలు’ అనీ, మరొకరు ‘కార్పొరేషన్ స్కూలు’ అనీ రాస్తే అవి రెండు పాఠశాలలు అనుకోకండి. సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చాయి గనుక, ఆమె తొలి ఉద్యోగపు కాగితాలు మిగిలి ఉంటే గింటే మండల కార్యాలయంలో ఉండాలి.

పాఠశాలలో అడ్మిషన్ రిజిస్టరును ప్రధానోపాధ్యాయుల అనుమతితో చూడండి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానులో నగరంలో పైకప్పులు ఎగిరిపోయిన చోట్ల పాత రిజిస్టర్లు తడిసి ముద్దయ్యాయి, కాబట్టి ఉన్నవాటిని చూడడానికి ఆలస్యం చేయకండి. మరొక మార్గం, అయిదో తరగతి పూర్తయ్యాక పిల్లలకు ఇచ్చే రికార్డు షీటు. పాత విద్యార్థుల ఇళ్లలో నకళ్లు ఉంటే, దాని మీద ప్రధానోపాధ్యాయురాలి సంతకమూ తేదీ ఉంటాయి. ఆమె ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఆ కుర్చీలో ఉన్నారో వరుసగా పేర్చుకోవచ్చు. ఆ షీట్లలో పుట్టిన తేదీల వరస కూడా ఒకసారి గమనించండి. సగానికి సగం జూన్, జూలై నెలల్లోనే ఉంటాయి. బడిలో చేరేనాటికి అయిదేళ్లు నిండాలి కాబట్టి, తల్లిదండ్రులకు తేదీ తెలియనప్పుడు టీచర్లే ఒకటి వేసేవారు. మన తరంలో ఎంతోమంది పుట్టినరోజులు టీచర్లు పెట్టినవే!

పాత విద్యార్థులను ‘ఆమె గురించి రాయండి’ అని అడగవద్దు. అలా అడిగితే సన్మానపత్రమే వస్తుంది. ‘ఆమె మీకు నేర్పిన ఒక్క పాఠం ఎలా నేర్పారో, మొదట ఏమి చేశారో, తరువాత ఏమి చేశారో చెప్పండి’ అని అడగండి. వీలైతే రాయించకుండా ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించండి.

సమాధానం 2
జాలారి కుటుంబంలో పుట్టిన పాత విద్యార్థి, ప్రస్తుతం పాలిటెక్నిక్ అధ్యాపకుడు

మీరు చెబుతున్న టీచరమ్మ గారు ఎవరో నాకు వెంటనే తెలిసింది. మీరు అడిగిన ఒక పేజీ నేనూ పంపాను, అందులో ‘జ్ఞానజ్యోతి’ నాదే అయి ఉండవచ్చు. పైన పెద్దాయన చెప్పినట్టుగా ఒక్క పాఠం ఎలా నేర్పారో రాయడానికి ప్రయత్నిస్తాను.

మా పేట పిల్లలకు ‘ప’, ‘వ’ అక్షరాలు ఎంతకీ విడివిడిగా పట్టుబడేవి కావు. ఒకటి రాయమంటే మరొకటి రాసేవాళ్లం. రెండింటి ఒళ్లూ ఒకటే. ‘వ’కు తలకట్టు అతుక్కుని ఉంటుంది, ‘ప’కు విడిగా ఉంటుంది. అంతే తేడా. టీచరమ్మ గారు నల్లబల్ల మీద ‘పడవ’ అని పెద్దదిగా రాసి, మొదటి అక్షరం మీద వేలు పెట్టి, ‘పడవ బయలుదేరేటప్పుడు తాడు ఏం చేస్తార్రా?’ అని అడిగారు. ‘విప్పుతారండీ’ అన్నాం. ‘అందుకే దీనికి పైన కట్టు లేదు. మరి ఒడ్డుకు వచ్చాక?’ ‘కడతారండీ.’ ‘అదిగో, చివరి అక్షరం చూడండి, కట్టేశారు’ అన్నారు. ఆ తరువాత మాలో ఎవరూ ఆ రెండు అక్షరాలనూ తారుమారు చేసినట్టు నాకు గుర్తు లేదు. ‘మ’ వచ్చినప్పుడు ఆమె వేరే కథ చెప్పలేదు. ‘కట్టేసిన దానికి పక్కన కొమ్ము పెట్టండి’ అని ఊరుకున్నారు. ప్రతిదానికీ కథ చెప్పే మనిషి కారు. పిల్లవాడు చిక్కుకున్న చోట మాత్రమే ఆగేవారు, మిగతాది చకచకా దాటించేవారు. ఇప్పుడు నేను కూడా పాఠాలు చెప్పుకునే వాణ్ని కాబట్టి అంటున్నాను, అది ఎంత కష్టమైన విద్యో పాఠం చెప్పేవారికే తెలుస్తుంది.

భాగహారం సంగతి కూడా చెప్పాలి. మా పేటలో చేపల వేటకు వెళ్లి వచ్చాక పడవకూ, వలకూ, మనుషులకూ పాళ్లు వేస్తారు. ఆవిడ ఆ పాళ్లతోనే భాగహారం మొదలుపెట్టారు. కవ్వళ్లు ఇన్ని పడ్డాయి, పాళ్లు ఇన్ని, ఒక్కో పాలుకు ఎన్ని? పాళ్లు సరిగ్గా తెగనప్పుడు మిగిలినవి ఏం చేస్తారని అడిగితే, ‘కూరకు పెట్టుకుంటామండీ’ అని ఒక పిల్ల అంది. ఆ రోజు నుంచి మా తరగతిలో శేషానికి ‘కూర’ అనే పేరు స్థిరపడిపోయింది. పెద్ద బడికి వెళ్లాక లెక్కల మాస్టారు ‘శేషం ఎంత?’ అని అడిగితే నేను ‘కూర మూడండీ’ అని చెప్పి నవ్వులపాలయ్యాను. కానీ లెక్క తప్పలేదు.

ఇంకొక విషయం మీరు తప్పకుండా రాయాలి. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరితే ఇంటిల్లిపాదీ అక్కడే ఉండాలి. మేము బుట్టలు మోసి, చేపలు వేరుచేసి, వేలం అయ్యాక గానీ బడికి రాలేకపోయేవాళ్లం. మరొక టీచరు అయితే ఆలస్యంగా వచ్చినవాడిని గుమ్మం బయట నిలబెట్టేవారు. ఈవిడ మొదటి గంటలో వాచకం జోలికి వెళ్లకుండా పద్యాలూ, ఎక్కాలూ, బొమ్మలూ పెట్టుకుని, అందరూ వచ్చాకే అసలు పాఠం ఎత్తుకునేవారు. చేతులకు నెత్తళ్ల వాసన వస్తోందని మమ్మల్ని ఎవరైనా వెక్కిరిస్తే మాత్రం ఊరుకునేవారు కారు. ఆవిడ స్వయంగా శాకాహారి అని మాకు చాలా కాలం దాకా తెలియనే తెలియదు.

బెత్తం గురించి నా అభిప్రాయం: రాయండి. నేను మొదటి తరగతిలో ఉన్నప్పుడు ఆమె చేతిలో చింత బరికె ఉండేది, నా వీపుకూ దానికీ పరిచయం ఉంది. నా చెల్లెలు అదే బడిలో చేరేనాటికి అది లేదు. ఎప్పుడు పోయిందో, ఎందుకు పోయిందో నాకు తెలియదు గానీ, అది లేనట్టుగా రాస్తే మాత్రం నా పేజీ తీసేయమని కోరతాను.

సమాధానం 3
ఆమెతో కలిసి పనిచేసిన సెకండరీ గ్రేడ్ టీచరు

మీ అందరికీ నమస్కారం. 1980ల చివరి నుంచి ఆమెతో కలిసి పనిచేశాను. ఇప్పుడు నేను కూడా విరమణ పొంది మర్రిపాలెంలో ఉంటున్నాను. పెట్టెలో దొరికిన పొడుగు పుస్తకాల సంగతి నేను చెప్పగలను.

ఆమె ఏటా ప్రతి తరగతికీ ఒక పుస్తకం పెట్టుకునేవారు. ఎడమవైపు పిల్లల పేర్లు, పైన అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, కూడిక, తీసివేత ఇలా గళ్లు. ‘రాదు’ అంటే ఇంకా రాలేదని. ‘వచ్చింది’ అంటే ఆమె ఒంటరిగా పిలిచి అడిగినప్పుడు పిల్లవాడు రాసి చూపించాడని. అందరితో కలిసి అరిచి చెబితే దానిని ఆమె లెక్కలోకి తీసుకునేవారు కారు. ‘పోయింది’ అన్నదే అన్నిటికన్నా ముఖ్యమైన గడి. వేసవి సెలవులు అయ్యాక జూన్‌లో మళ్లీ అడిగితే మరచిపోయి ఉంటే ‘పోయింది’ అని రాసేవారు. జూన్‌లో బడి తెరిచాక కొంతకాలం కొత్త పాఠం ముట్టుకోకుండా ‘పోయినవాటిని’ వెతికే పనే చేసేవారు. దీని మీద తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు, సిలబస్ వెనుకబడిందని బడి సందర్శకుల పుస్తకంలో రాసి వెళ్లారు. ఆమె వాదించలేదు. దాని కిందనే ‘పిల్లలు వెనుకబడలేదు’ అని రాసి సంతకం చేశారు. పాఠశాలలో ఆ సందర్శకుల పుస్తకం దొరికితే ఆ పేజీ వెతకండి.

పుస్తకంలో పొగడ్తల కన్నా పని పరిస్థితులు రాయాలని నా మనవి. ఈ తరం పాఠకులకు ఏకోపాధ్యాయ పాఠశాల అంటే ఏమిటో తెలియదు. ఒక గదిలో అయిదు తరగతులు, ఒక్క మనిషి. ఒక తరగతికి చెబుతుంటే మిగిలిన నాలుగు తరగతులు ఏం చేయాలి? సమితి బడిలో ఆమె నేర్చుకున్నది ఆ విద్యే. నాలుగో తరగతి పిల్లలను ఒకటో తరగతి పలకల దగ్గర కూర్చోబెట్టేవారు, అయితే వంతుల వారీగా మాత్రమే. తెలివైన పిల్ల దొరికింది కదా అని రోజూ ఆ పిల్ల చేతనే పని చేయించడం ఆమెకు గిట్టేది కాదు. 1986 జాతీయ విద్యావిధానం తరువాత నల్లబల్ల పథకం (ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్) వచ్చి, ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి ఉండాలన్నారు. ఆ పథకం కిందనే మా బడికి గ్లోబూ, భూతద్దం, ఆటవస్తువులూ ఉన్న పెట్టె వచ్చింది. చాలా బడుల్లో ఆ పెట్టెలు తాళాలు వేసినవి వేసినట్టే ఉండిపోయాయి, ఎందుకంటే స్టాకు రిజిస్టరులో ఎక్కిన వస్తువు పగిలితే సమాధానం చెప్పుకోవలసింది ప్రధానోపాధ్యాయులే. ఈవిడ మాత్రం పెట్టె వచ్చిన వారంలోనే దాన్ని తెరిచి పిల్లల మధ్య పెట్టారు. గ్లోబు ఏడాది తిరగకుండా ఇరుసు దగ్గర విరిగింది. విరిగిన గ్లోబునే పిల్లల చేతుల్లో బంతిలా పెట్టి రాత్రీ పగలూ చెప్పారు. ఆడిట్‌లో దాని సంగతి వచ్చినప్పుడు ధర ఆమె చేతి నుంచే కట్టారు.

బ్రిటన్ సహాయంతో మన రాష్ట్రంలో నడిచిన ప్రాథమిక విద్యా పథకం కింద టీచర్ల కేంద్రాల్లో సమావేశాలు జరుగుతుండేవి. చాలామంది వాటిని ఒక పూట సెలవుగా భావించేవారు. ఆమె అక్కడ ఎక్కువగా మాట్లాడేవారు కారు గానీ, ఎవరైనా మంచి కృత్యం చూపిస్తే మరుసటి రోజే మా బడిలో చేసి చూసేవారు. పనికిరాకపోతే నిర్మొహమాటంగా వదిలేసేవారు. అన్ని కొత్త పద్ధతులనూ నెత్తిన పెట్టుకున్నారని మాత్రం రాయకండి, అది నిజం కాదు. ఎక్కాలు కంఠస్థం చేయించడం ఆమె చివరిదాకా మానలేదు.

ఇక బరికె విషయం. సోదరుడు పైన అడిగారు కాబట్టి చెబుతున్నాను. అది మానడానికి పెద్ద సంఘటన ఏదీ జరగలేదు. ఆ పొడుగు పుస్తకాలు చూసుకుంటూ ఒకరోజు ఆమే అన్నారు, దెబ్బలు తిన్న పిల్లల గళ్లలో ‘పోయింది’ ఎక్కువగా కనిపిస్తోందని. భయంతో వచ్చింది భయం పోగానే పోతోందని అనుకున్నారు. బడిలో పిల్లలను కొట్టకూడదని విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అప్పటికి ఆమె విరమణ కూడా అయిపోయింది. చట్టానికి ముందే మానేశారని పొగుడుతూ రాయకుండా, ముందు కొట్టేవారు, తరువాత లెక్క చూసుకుని మానేశారు అని ఉన్నది ఉన్నట్టు రాయండి. దెబ్బలు తిన్నవారు ఇంకా మన మధ్యనే ఉన్నారు.

చివరగా, జనగణన, ఎన్నికలు, పల్స్ పోలియో విధుల కోసం మేము బడి వదిలి వెళ్లిన రోజులను కూడా మరచిపోకండి. జనగణనకు ఇంటింటికీ తిరిగినప్పుడు, బడికి రాని పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారో ఆమె వేరే కాగితం మీద రాసుకుని వచ్చేవారు. ఆ ఏడు మా ఒకటో తరగతి ఎందుకు నిండిందో అధికారులకు అర్థం కాలేదు.

సమాధానం 4
టీచరమ్మ గారి కుమార్తె

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఈ చర్చ చూపించాడు. ఇందులో కొన్ని సంగతులు మాకే తెలియవు. ఇంట్లో అమ్మ బడి గురించి పెద్దగా చెప్పేది కాదు.

ఉద్యోగం వదిలి పట్నం వచ్చిన కథ ఎవరినైనా అడగమన్నారు కదా, నన్నే అడిగారనుకుంటాను. అందులో త్యాగం ఏమీ లేదు. నాన్నగారికి పోర్టులో పని దొరికింది. పల్లెలో నన్ను చూసుకోవడానికి ఎవరూ లేరు. మున్సిపాలిటీ వారు టీచర్లను తీసుకుంటున్నారని తెలిసి అమ్మ దరఖాస్తు పెట్టుకుంది, కొత్త నియామకంగానే చేరింది. పాత సర్వీసు కలపడానికి చాలా ఏళ్లు అర్జీలు పెట్టుకుంది. ఆ అర్జీల నకళ్లన్నీ పెట్టెలోనే అడుగున ఉన్నాయి; కావాలంటే చూడవచ్చు. ఆమె చేతిరాతలో అంత కోపం నేను మరెక్కడా చూడలేదు.

డబ్బు సంగతి మాత్రం రాయవద్దని మా మనవి. ఎవరి ఫీజు కట్టిందో, ఎంత కట్టిందో అమ్మ మాకు కూడా చెప్పలేదు. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లై, సంసారాలతో, గౌరవంగా బతుకుతున్నారు. వాళ్లంతట వాళ్లు చెప్పుకుంటే అది వారి ఇష్టం. మనం పేర్లు పెట్టి రాయడం, పేర్లు లేకపోయినా గుర్తుపట్టేలా రాయడం అమ్మకు నచ్చేది కాదని గట్టిగా చెప్పగలను.

బరికె విషయం రాయండి. మేమిద్దరం కూడా తిన్నాం. ఇంట్లో ఆమె బడిలో మానిన చాలాకాలానికి గానీ మానలేదు!

సాయంత్రం పూట అలసిపోయి వచ్చేది. ఎవరితోనూ మాట్లాడకుండా కాసేపు వసారాలో కూర్చుని, తరువాతే వంటింట్లోకి వెళ్లేది. ఆ కాసేపు మేము ఏమి అడిగినా పలికేది కాదు. ఆ రోజుల్లో మాకు అది కష్టంగా ఉండేది. రోజంతా అంతమంది పిల్లల గొంతులు విన్న మనిషికి అది ఎంత అవసరమో నేను ఉద్యోగంలో చేరాక తెలిసింది. ఆమె ఎప్పుడూ చిరునవ్వుతో ఉండేవారని మాత్రం ఎవరూ రాయకండి, మా బంధువులే నవ్వుతారు.

ప్రశ్న అడిగినవారి స్పందన
కోటవీధి పాత విద్యార్థి

అమ్మగారికీ, పెద్దలకూ కృతజ్ఞతలు. మీ సలహాల ప్రకారం ఇలా అనుకుంటున్నాను. డబ్బు ప్రస్తావన ఉండదు. బరికె సంగతి సహోపాధ్యాయురాలు గారు చెప్పినట్టే, ఆ పొడుగు పుస్తకాలతో కలిపి వస్తుంది. పాత సర్వీసు కోసం ఆమె పెట్టుకున్న అర్జీలకు ఒక అధ్యాయం ఇస్తాను. ఎవరినీ నిందించకుండా, తేదీల వరసన ఆమె మాటలనే వేస్తాను. పంపిన వ్యాసాలను వెనక్కి ఇచ్చి, ఒక్కొక్కరినీ కలిసి ఒక్క పాఠం చెప్పమని అడుగుతాను. పాలిటెక్నిక్ మాస్టారు గారి ‘పడవ’ పాఠం మొదటి అధ్యాయం అవుతుంది, ఆయన ఒప్పుకుంటే. కాపీలు ద్వారకానగర్‌లోని విశాఖ పౌర గ్రంథాలయానికి కూడా ఇవ్వాలని ఉంది.

రెండు చిన్న సందేహాలు మిగిలాయి. పొడుగు పుస్తకాల పేజీలు కొన్ని యథాతథంగా అచ్చు వేయాలని ఉంది, కానీ వాటిలో పిల్లల పేర్లు ఉన్నాయి. ఫలానా అబ్బాయికి నాలుగో తరగతిలో కూడా ఒత్తులు రాలేదని ఇప్పుడు ఊరంతా చదవడం బాగుండదు. మరొకటి, కాగితం పసుపెక్కి, సిరా వెలిసిపోయింది. ఫొటో తీయిస్తే కనిపిస్తుందా?

సమాధానం 5
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, భీమునిపట్నం

పేర్ల వరసను తెల్ల కాగితంతో కప్పి, గళ్లు మాత్రమే కనిపించేలా తీయించండి. పేర్లు లేకపోయినా ‘రాదు’, ‘వచ్చింది’, ‘పోయింది’ వరుసగా కనిపిస్తే పాఠకుడికి అంతా అర్థమవుతుంది. ఎవరైనా తన వరుసను పేరుతో సహా వేయమని తనంతట తాను అడిగితే, వారి చేత ఒక చీటీ రాయించుకుని వేయండి. పాలిటెక్నిక్ మాస్టారు అడుగుతారని నా అనుమానం.

సిరా వెలిసిన పేజీలను సెల్‌ఫోనుతో, ఫ్లాషుతో తీయకండి. ఫ్లాషు వెలుగు కాగితం మధ్యలో పడి అక్షరాలు మాయమవుతాయి. స్కానరు మీద, రంగుల్లోనే, అంగుళానికి 300 చుక్కలకు తగ్గకుండా తీయించండి. నలుపు తెలుపులో తీస్తే పసుపు కాగితమూ నీలి సిరా ఒకటే బూడిద రంగుగా వస్తాయి. పుస్తకాల కుట్టు బిగువుగా ఉంటే స్కానరు మూత బలవంతంగా నొక్కవద్దు, వెన్ను విరుగుతుంది. అటువంటి వాటిని పగటి వేళ కిటికీ పక్కన నీడలో పెట్టి, పైనుంచి నిటారుగా ఫొటో తీయించండి. అర్జీల నకళ్లు కార్బన్ కాపీలైతే వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, మధ్యలో తెల్ల కాగితాలు పెట్టి దాచమని కుమార్తె గారికి చెప్పండి. సర్వీసు రిజిస్టరు కోసం నగరపాలక సంస్థ విద్యా విభాగానికి వెళ్లేటప్పుడు ఆమెనో, వారి తమ్ముడినో వెంట తీసుకుని వెళ్లండి. కుటుంబ సభ్యులు లేకుండా మీకు చూపించరు.